గుడ్లు పెడుతున్న గెక్కో ఉన్నట్టుండి చనిపోతే కారణం ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా దగ్గర మూడు ఆడ లెపర్డ్ గెక్కోలు (ఇంట్లో పెంచుకునే మచ్చల బల్లులు), ఒక మగది ఉన్నాయి. ఆడవాటిలో పెద్దది, మూడేళ్లది, నిన్న పొద్దున చూసేసరికి వెచ్చని వైపు గూట్లో చనిపోయి ఉంది. ఒంటిమీద గాయం లేదు, ముందు రాత్రి రెండు కీచురాళ్లు కూడా తింది. దానికి ఇది రెండో బ్రీడింగ్ సీజన్. ఇప్పటికి నాలుగుసార్లు గుడ్లు పెట్టింది, పదిహేను రోజుల కిందట పెట్టినప్పుడు మాత్రం ఒక్కటే పెట్టింది. ఆ తర్వాత రెండు రోజులు గుడ్ల పెట్టెలో తవ్వుతూనే ఉంది. సీజన్ మొదట్లో 68 గ్రాములు ఉండేది, పోయిన వారం 52. పురుగులకు కాల్షియం పౌడర్ అద్దే ఇస్తాను, అందులో విటమిన్ డి3 లేదు, యూవీ లైటు పెట్టలేదు. ఒక ఫ్రెండ్ కాల్షియం తక్కువై చనిపోయిందంటోంది, ఇంకో ఫ్రెండ్ గుడ్డు అడ్డం పడిందంటున్నాడు. శరీరాన్ని ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంత చిన్న ప్రాణికి పోస్టుమార్టం చేస్తారా? చేస్తే నిజంగా ఏమైనా తెలుస్తుందా? ఇందులో నా తప్పు ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: చేస్తారు. చేయించండి, వీలైతే ఈ రోజే. సరీసృపాలను చూసే పశువైద్యులకు ముందు ఫోన్ చేసి, పోస్టుమార్టం వాళ్లే చేస్తారా, ల్యాబ్‌కు పంపిస్తారా అని అడగండి. ఫ్రీజర్‌లో కాకుండా ఫ్రిజ్‌లో పెట్టడం చాలా మంచి పని. గడ్డకట్టిస్తే కణాల్లోని నీరు మంచు పలుకులుగా మారి కణాలు చిట్లిపోతాయి, ఆ తర్వాత మైక్రోస్కోప్ కింద చూసేవాళ్లకు జబ్బు వల్ల వచ్చిన మార్పేదో మంచు వల్ల వచ్చిన మార్పేదో విడదీయడం కష్టమవుతుంది. ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చలి కుళ్లడాన్ని నెమ్మదింపజేస్తుంది, అంతే, ఆపదు. పైగా మీది చనిపోయింది 31, 32 డిగ్రీలుండే వెచ్చని గూట్లో, చిన్న శరీరం, మీరు చూసేసరికే లోపల పేగులు, కాలేయం మెత్తబడటం మొదలై ఉండొచ్చు, కాబట్టి ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది. రెండు రోజుల్లో ఎవరూ దొరకరని ఖాయమైతే అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టండి, కొన్ని పరీక్షలకైనా పనికొస్తుంది. ఈలోగా తడిపి పిండిన పేపర్ టవల్‌లో చుట్టి, రెండు కవర్లలో సీల్ చేసి, గట్టి డబ్బాలో తిండి పదార్థాలకు దూరంగా ఉంచండి. సరీసృపాలు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను మోస్తాయి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

అన్నిటికంటే నాకు ఎక్కువ అనుమానం కలిగించింది మీరు మామూలుగా రాసేసిన మాట: చివరిసారి ఒక్కటే పెట్టింది. లెపర్డ్ గెక్కోకు ఒక్కో విడతకు రెండు గుడ్లు రావడం మామూలు, రెండు పక్కలా ఉన్న అండవాహికల్లో ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి. సీజన్లో మొదటి విడతలోనో, వయసు మీరిన ఆడదానికో ఒక్క గుడ్డే రావచ్చు, అందులో వింతేమీ లేదు. కానీ మూడేళ్ల ఆరోగ్యమైన ఆడది వరసగా రెండేసి పెట్టి, ఒకసారి ఒక్కటే పెట్టి, ఆ తర్వాత కూడా రెండు రోజులు తవ్వుతూ ఉందంటే రెండో గుడ్డు లోపలే ఉండిపోయిందా అని అడగక తప్పదు. లోపల ఇరుక్కున్న గుడ్డు పగిలితే పచ్చసొన కడుపులోకి కారి తీవ్రమైన వాపు వస్తుంది, బ్యాక్టీరియా చేరితే రక్తం విషపూరితమవుతుంది. ఈ రెండూ బయటికి పెద్దగా కనిపించకుండానే ప్రాణం తీయగలవు. ఇది నా అనుమానం మాత్రమే, పొట్ట తెరిచి చూస్తేనే తేలుతుంది.

మీ ఫ్రెండ్స్ ఇద్దరూ రెండు వేర్వేరు కారణాలు చెబుతున్నట్టు మీకు అనిపిస్తోంది, నాకైతే అలా అనిపించట్లేదు. గుడ్డును బయటికి నెట్టేది అండవాహిక కండరం, కండరం ముడుచుకోవాలంటే రక్తంలో కాల్షియం కావాలి. మీరు పౌడర్ వేస్తూనే ఉన్నారు, కానీ డి3 లేకపోతే పేగు ఆ కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేదు, డి3 రావాలంటే పౌడర్‌లోంచైనా రావాలి, యూవీబీ వెలుగు (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) పడి ఒంట్లో తయారైనా కావాలి. మీ దగ్గర రెండు దారులూ లేవు. గుడ్లు పెట్టని గెక్కో అలా చాలాకాలం నెట్టుకొస్తుందేమో కానీ, గుడ్ల కోసం విడత విడతకూ ఒంట్లో నిల్వ ఖర్చుచేసే ఆడదానికి ఆ లోటు త్వరగా తగులుతుంది. అంటే కాల్షియం తక్కువై కండరం బలహీనపడి, అందువల్లే గుడ్డు ఆగిపోయి ఉండొచ్చు.

ఇక బరువు. 68 నుంచి 52 అంటే పావు వంతు పోయినట్టే. గుడ్లు పెట్టిన రోజు బరువు తగ్గడం సహజం, ఒక్కో గుడ్డు మూడు గ్రాముల దాకా ఉంటుంది, మీది ఈ సీజన్లో ఏడు గుడ్లు పెట్టిందనుకున్నా ఇరవై గ్రాముల దాకా పోయినట్టే. కానీ మళ్లీ విడతకు ముందు ఆ బరువు తిండితో తిరిగి రావాలి. రాలేదంటే తిన్నది సరిపోలేదు, లేదా తిన్నది ఒంటికి పట్టలేదు. రాత్రి రెండు కీచురాళ్లు తినడాన్ని ఆరోగ్యంగా ఉందనడానికి రుజువుగా తీసుకోకండి, సీజన్లో ఉన్న ఆడది మామూలుగా ఎన్ని తినేదో గుర్తు చేసుకుని పోల్చండి. ఈ జీవులు నీరసాన్ని దాచుకుంటాయి, శత్రువు కంట పడకుండా బతకాల్సిన ప్రాణులు కదా, అందుకే మనకు హఠాత్తుగా అనిపించే చావుల్లో చాలావాటికి వెనక కొన్ని వారాల కథ ఉంటుంది. తోక లావు ఎలా ఉందో కూడా చూసి రాసుకోండి, కొవ్వు నిల్వ ఎక్కువగా అక్కడే.

తిన్నది ఒంటికి పట్టకపోవడం అన్నచోట క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని గుర్తుచేయాలి. పేగు గోడను పాడుచేసి, తోక పుల్లలా అయ్యేదాకా చిక్కిపోయేలా చేస్తుంది, గుడ్లు పెట్టే ఒత్తిడిలో విజృంభిస్తుంది. మీది అదే అనడం లేదు, కానీ మిగతా రెండు ఆడవి, మగది బతికున్నాయి కాబట్టి ఈ పరీక్షను వదలొద్దు. డాక్టర్‌ను రెండు మాటలు ప్రత్యేకంగా అడగండి. ఒకటి, కోసే ముందు ఎక్స్‌రే తీయమనండి, ఎముకలు పలచబడ్డాయా అన్నది అందులో తెలుస్తుంది. గుడ్డు కూడా కనిపించొచ్చు, అయితే లెపర్డ్ గెక్కో గుడ్డు పెంకు మెత్తగా తోలులా ఉంటుంది కాబట్టి కోడిగుడ్డంత స్పష్టంగా కనిపించదు. రెండు, అవయవాల ముక్కలన్నిటినీ కుళ్లకుండా నిలవచేసే ద్రవమైన ఫార్మలిన్‌లో వేసేయకుండా పేగు ముక్క, పేగులోని మలం కొంచెం విడిగా చల్లగా ఉంచమనండి, ఫార్మలిన్ తగిలాక పీసీఆర్ పరీక్ష (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికేది) సరిగా రాకపోవచ్చు, కల్చర్, అంటే బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం, అసలు కుదరదు. పొట్ట తెరిచాక కాలేయం రంగు, కిడ్నీల మీద సుద్దలాంటి తెల్ల మచ్చలు, పేగులో ఇసుక అడ్డుందా, కడుపులో పసుపు ద్రవం ఉందా, ఇవన్నీ వాళ్లకు తెలిసినవే.

ఒక నిజం ముందే చెబుతున్నాను, ఎంత జాగ్రత్తగా చేసినా కొన్నిసార్లు కారణం తేలదు. చనిపోయాక రక్తంలో కాల్షియం కొలిచి ఏదీ నమ్మకంగా చెప్పలేరు. అది నెలల తరబడి తక్కువైతే ఎముక చెబుతుంది, నాలుగు రోజుల్లో పడిపోతే ఎముక మామూలుగానే ఉండొచ్చు. అప్పుడు మీ నోట్‌బుక్కే సాక్ష్యం. అందుకే ఆ ట్యాంక్ ఇంకా కడగలేదు కదా? కడగొద్దు. ఫొటోలు తీయండి, హీట్ మ్యాట్ ఆపకముందే వెచ్చని చోట, చల్లని చోట థర్మామీటర్ పెట్టి కొలవండి, థర్మోస్టాట్ సెన్సార్ జరిగిపోయి నేల 40 డిగ్రీలకు చేరిన సందర్భాలు ఉంటాయి. ఆఖరి మలం తీసి డబ్బాలో పెట్టండి. ఈ వారంలో ఇంట్లో పురుగుల మందు స్ప్రే చేశారా, బయట పట్టిన పురుగులు ఏమైనా వేశారా, అందులో మిణుగురు ఉందా అన్నదీ రాయండి, మిణుగురు బల్లిజాతికి విషం.

మీ తప్పుందా అని అడిగారు. డి3 లేకపోవడం సరిదిద్దాల్సిన లోపం, మిగతావాటి కోసం డాక్టర్ చెప్పిన మోతాదులో ఈ వారమే మొదలుపెట్టండి, డి3 ఎక్కువైనా ప్రమాదమే. అదే ప్రాణం తీసిందో లేదో రిపోర్టు రాకముందు మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. వారం వారం బరువు తూచి రాసిపెట్టిన మనిషి నిర్లక్ష్యంగా ఉన్నారంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడే చేయాల్సింది ఇంకొకటుంది: మగదాన్ని వేరు చేయండి. ఆడవి వీర్యాన్ని నిల్వ చేసుకుంటాయి కాబట్టి వేరు చేసినా ఇంకా గుడ్లు పెట్టొచ్చు, అందుకని తిండి తగ్గించకండి. రిపోర్టు వచ్చేదాకా ఒక ట్యాంక్‌లో మిగిలిన పురుగుల్ని ఇంకోదాంట్లో వేయకండి, పటకార్లు విడివిడిగా ఉంచండి, చనిపోయినదాని ట్యాంక్ పని చివర్న పెట్టుకోండి.

ప్రశ్న: తల్లి గెక్కో చనిపోయింది, దాని గుడ్లు రెండు ఇంక్యుబేటర్‌లో ఉన్నాయి. ఉంచాలా, పారేయాలా?
– మరొక పాఠకుడు

జవాబు: ఉంచండి. తల్లి పోయినంత మాత్రాన గుడ్డు చెడిపోదు. తెల్లగా, గట్టిగా, బూజు లేకుండా ఉంటే తిప్పకుండా అలాగే వదిలేయండి. 27, 28 డిగ్రీల దగ్గర రెండు నెలల లోపో, కాస్త అటూ ఇటూగానో పిల్లలొస్తాయి, ఆ వేడికి ఎక్కువగా ఆడవే వస్తాయి. తల్లికి కాల్షియం లోటుండి ఉంటే పిల్లలు బలహీనంగా రావచ్చు. తల్లి జబ్బేదో తెలియకపోతే పిల్లల్ని మిగతావాటితో కలపకుండా విడిగా, పేపర్ టవల్ పరిచిన డబ్బాల్లో పెంచండి. బతికి బాగా ఎదిగినా వాటిని బ్రీడింగ్‌కు తొందరపడి వాడొద్దు.

ప్రశ్న: మా గెక్కో పోయిన వారం చనిపోయింది, అప్పుడే పాతిపెట్టేశాం. ఇప్పుడు తవ్వి తీస్తే ఏమైనా తెలుస్తుందా?
– ఇంకొకరు

జవాబు: తవ్వకండి, వారం తర్వాత అవయవాలు చూడటానికి మిగలవు. బతికున్నవాటి మలాన్ని పరీక్షకు ఇవ్వండి. ఒక్కసారి నెగటివ్ వస్తే సరిపోదు, క్రిప్టోస్పోరిడియం అన్నిసార్లూ మలంలో బయటపడదు, కొన్ని వారాల ఎడంతో మళ్లీ ఇవ్వండి. ట్యాంక్‌ను మామూలు బ్లీచ్‌తో కడిగి కొత్తదాన్ని దింపేద్దామనుకుంటే మాత్రం ఆగండి, ఆ పరాన్నజీవి బ్లీచ్‌కు చావదు. చెక్క, రాళ్లు, గుడ్ల పెట్టెలోని మట్టి పారేసి, ఆ ట్యాంక్‌ను మలం రిపోర్టులన్నీ వచ్చేదాకా ఖాళీగా ఉంచండి.