ఆల్బమ్ చేయబోతున్న మేనకోడలికి

పాపా,

నువ్వు పంపిన పాటలు విన్నాను. చెనిక్కాయలు ఒలిచేటప్పుడు మన ఆడవాళ్లు పాడుకునే బాణీలో కట్టావే, ఆ పాట నన్ను వదలడం లేదు. సొంతంగా ఆల్బమ్ చేసి, దాంతోపాటు కవితల పుస్తకం కూడా వేస్తానంటున్నావు. చేయి. స్టూడియోకి అడ్వాన్స్ ఇచ్చేముందు మాత్రం ఒక పని కానివ్వు. ప్రతి పాటనూ శ్రుతిపెట్టె తప్ప ఇంకేమీ లేకుండా, పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా ఆపకుండా పాడి దాచిపెట్టుకో. నేను చెప్పేవాటిలో మిగతావి నీ ఇష్టం, ఇది మాత్రం తప్పనిసరి.

ఎందుకంటావా? మన కొండమీద జరిగిందే చూడు. అన్నమయ్య సంకీర్తనల్ని రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే అరలో భద్రం చేశారు. వందల ఏళ్ల తర్వాత రేకులు బయటపడితే పన్నెండు వేలకు పైగా కీర్తనలు దొరికాయి. దొరికింది మాటలే. ప్రతి కీర్తన మీద రాగం పేరుంది, అది ఎలా పాడాలో లేదు. ఈరోజు మనం వినే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు కట్టినవి. అవి గొప్పవే, కాదనను. కానీ అన్నమయ్య ఏ పదం దగ్గర ఆగాడో, ఎక్కడ గొంతు వంచాడో మనకు ఎప్పటికీ తెలియదు. సువ్వి పాట, ఏల పాట, జాజర, గొబ్బి, ఇవన్నీ ఆయన పల్లె జనం నోటినుంచి తీసుకున్నవే. నువ్వు చేస్తున్న పని కూడా అదే దారిలోది. ఆయనకు లేని మైకు నీకు ఉంది.

ఇక గది సంగతి. తిరుపతిలో మన ఇళ్లన్నీ గ్రానైట్ నేల, ఖాళీ గోడలు. అక్కడ పాడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. బీరువా తలుపులు తెరిచి, బట్టలు ఎదురుగా ఉండేలా నిలబడు. వెనకాల రెండు బొంతలు వేలాడదియ్యి. ఫ్యాను కట్టేయి, ఫ్రిజ్ కూడా. ఫ్రిజ్ గుర్రుమనే శబ్దం మామూలుగా మన చెవికి ఆనదు, రికార్డింగులో పాట పొడవునా వినబడుతుంది. ధనుర్మాసంలో తెల్లవారుజాము పెట్టుకోకు, వీధి వీధికీ తిరుప్పావై మైకులుంటాయి. రాత్రి పదకొండు దాటాక మేలు.

మైకుకీ నోటికీ జానెడు దూరం. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పాడు, లేకపోతే ప, భ లాంటి అక్షరాల దగ్గర గాలి కొడుతుంది. నువ్వు ఎంత గట్టిగా పాడినా లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. వేవ్ ఫైలుగా 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకో. మోనోలో నిమిషానికి తొమ్మిది ఎంబీ కూడా అవ్వదు, కాబట్టి చోటు సరిపోదని ఎంపీత్రీ చేయకు. రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంచు, ఒకటి మీ అమ్మ దగ్గర పెట్టు.

స్టూడియోకి వెళ్లాక రెండు విషయాల్లో గట్టిగా నిలబడాలి. మొదటిది ఆటోట్యూన్, అంటే గొంతు శ్రుతిని సరిచేసే యంత్రం. మన పల్లె బాణీల్లో కొన్ని స్వరాలు హార్మోనియం మెట్లకు మధ్యలో ఉంటాయి. ఆ యంత్రం వాటిని తప్పు అనుకుని దగ్గర్లో ఉన్న మెట్టు మీదకి లాగేస్తుంది. నీ చెనిక్కాయల పాటలో రెండో చరణం ఎత్తుకునే చోటు సరిగ్గా అలాంటిదే. అది సరిచేస్తే ఆ పాట చచ్చిపోతుంది. రెండోది క్లిక్, అంటే ఒకే వేగంలో టిక్ టిక్‌మని లెక్క వేసే శబ్దం. కోలాటం నెమ్మదిగా మొదలై కాళ్లు ఊపందుకున్న కొద్దీ వేగం పెరుగుతుంది, చెక్కభజన కూడా అంతే. హెడ్‌ఫోన్లో క్లిక్ పెట్టి అంతా ఒకే వేగంలో పాడమంటారు. ఒప్పుకోకు. పలక వాయించే అతన్ని నీకు కనబడేలా కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి ఒకేసారి చేయండి. అతని దెబ్బ నీ మైకులో కొంచెం పడినా పర్వాలేదు.

మాటల గురించి నాకు కొంచెం కోపం ఉంది. పాటలో ‘యాడికి పోతావు’ అని పాడి, కవితల కట్టలో దాన్ని ‘ఎక్కడికి వెళుతున్నావు’ అని మార్చావు. ఎవరు చెప్పారు నీకు? మన చిత్తూరు మాట పుస్తకంలోకి వస్తే పుస్తకానికే అందం. మళ్లీ యథాతథంగా పెట్టేయి. అలాగే పాటలన్నీ పుస్తకంలో పెట్టాలని లేదు. బాణీ లేకుండా పైకి చదివి చూడు. నిలబడినవి ఉంచు, పాటగానే బతికేవాటిని ఆల్బమ్‌కి వదిలేయి. నదిలో ఇసుక తవ్వకాల మీద రాసిన కవిత పుస్తకంలో మొదట ఉండాలని నా కోరిక.

కాగితాల దగ్గర తొందరపడకు. క్యాసెట్ల రోజుల్లో నాకు తెలిసిన ఒక జానపద గాయకుడు ఏకమొత్తం తీసుకుని ఒక కంపెనీకి అన్నీ రాసిచ్చేశాడు. తర్వాత ఆ పాట ఏ జాతరలో మోగినా ఆయనకు పైసా రాలేదు. ఇప్పుడు కాపీరైట్ చట్టం కొంత మారింది. 2012 సవరణ తర్వాత, పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు ఉంది, దాన్ని కంపెనీ పేరున వదులుకోమని రాయించుకోవడం కుదరదు. హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నావో రాయకపోతే అయిదేళ్లు అనే లెక్క. ‘శాశ్వతంగా’ అనే మాట కనిపిస్తే పెన్ను కింద పెట్టేసి నాకు ఫోన్ చేయి. రాసేది నువ్వు, కట్టేది నువ్వు, పాడేది నువ్వు. మూడు హక్కులూ వేరువేరు, మూడూ నీవే.

నీకు హక్కు ఉన్నట్టే ఆ ఆడవాళ్లకూ ఉంది. పాత బాణీకి చట్టంలో యజమాని ఉండకపోవచ్చు, పాడిన గొంతుకి ఉంటుంది. నువ్వు ఫోన్లో రికార్డు చేసుకున్న ఆ అవ్వల గొంతులు ఆల్బమ్ మొదట్లో వినిపిస్తానన్నావు కదా, ముందు వెళ్లి వాళ్లకే వినిపించి అడుగు. సరేనంటేనే పెట్టు. వాళ్ల పేర్లు, ఊరి పేరు ఎలా రాయాలో కూడా వాళ్లనే అడుగు. డబ్బులు వస్తే వాళ్లకు ఎంతివ్వాలో ఇప్పుడే తేల్చుకో, వచ్చాక తేల్చుకుందామంటే కుదరదు.

ఆకాశవాణి తిరుపతి కేంద్రంలో జానపద సంగీతానికి ఆడిషన్ పిలిచినప్పుడు తప్పకుండా వెళ్లు. గ్రేడ్ వస్తే మంచిదే, రాకపోయినా తెలియనివాళ్ల ముందు ఒట్టి గొంతుతో పాడడం అలవాటవుతుంది.

గంగజాతర మొదలైతే ఊర్లో ఎవరూ చేతికి దొరకరు, పలక వాయించేవాళ్లు అసలే దొరకరు. అతనితో ఈ వారమే మాట్లాడి తేదీ ఖాయం చేసుకో. ఒట్టి గొంతు ఫైళ్లు అయిన వెంటనే నాకు పంపు, హెడ్‌ఫోన్ పెట్టుకుని విని ఏ పాట మళ్లీ పాడాలో రాస్తాను. అక్కను అడిగానని చెప్పు.

నీ మామ