పోరుమామిళ్ల చెరువు చూడండి, కానీ ముందు శాసనం చదువుకుని వెళ్ళండి

రాజులు కట్టించిన పాత చెరువు ఏదైనా చూడాలని ఉంది, రామప్ప, పాకాల కాకుండా ఇంకేదైనా చెప్పండి, పిల్లలు కూడా వస్తున్నారు అని అడిగారు కదా. నేనైతే కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు చూడమంటాను. బోటు షికారు కావాలంటే మాత్రం లక్నవరం వెళ్ళండి, అది వేరే సంగతి. చెరువు అంటే ఏమిటో, దాన్ని ఎలా కట్టేవాళ్ళో పిల్లలకు తెలియాలంటే నాకు తెలిసి ఇంతకు మించిన చోటు లేదు.

దీని అసలు పేరు అనంతరాజసాగరం. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి ప్రాంతాన్ని పాలిస్తూ కట్టించాడు. భవదూరుడని ఆయనకు ఇంకో పేరు. చెరువు శాసనంలో ఉన్న సంవత్సరం శాలివాహన శకం 1291, సౌమ్య నామ సంవత్సరం, అంటే క్రీ.శ. 1369. కంభం చెరువుతో పాటు దీన్ని కూడా 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి పిల్లల సెలవులు కదా అని మే నెలలో వెళ్ళాం. మా మేనమామది బద్వేలు, ఆయన్నీ వెంటబెట్టుకుని బయల్దేరాం. కట్ట ఎక్కి చూస్తే చెరువులో నీళ్ళు లేవు. నెర్రెలిచ్చిన నేల, కంపచెట్లు, దూరంగా గొర్రెల మంద. మా పాప "ఇదేనా నాన్నా చెరువు?" అని అడిగితే నాకు ఏం చెప్పాలో తోచలేదు.

మా మామ పంతులుగా చేసి రిటైరయ్యారు. ఆ చెరువు శాసనంలోని సంగతులన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నారు. "నీళ్ళు లేకపోవడమే మంచిదయింది, రాండి" అని మమ్మల్ని కట్ట మీదే కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టారు. అప్పటిదాకా నాకు శాసనాలంటే దానాలు, బిరుదులు, అంతే. ఇది అలాంటిది కాదు. మంచి చెరువుకు ఏమేం ఉండాలో పన్నెండు, ఏమేం ఉండకూడదో ఆరు, లెక్కపెట్టి మరీ చెప్పిన శాసనం ఇది.

పన్నెండులో మొదటిది ధర్మమూ డబ్బూ ఉండి, కీర్తి మీద కోరిక ఉన్న రాజు. ఆ తర్వాత నీటి శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. ఆ పైన గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీయటి నీటి ఏరు, ఆనుకుని ఉన్న కొండలు, ఆ కొండల మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతుగా విశాలంగా ఉన్న చెరువు కడుపు, నిడుపాటి రాళ్ళు దొరికే గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, ఇలా సాగి చివరికి పని తెలిసిన మనుషుల గుంపు. చివరిదాన్ని మామ రెండుసార్లు చదివారు. రాజుతో మొదలుపెట్టినవాళ్ళు తట్ట మోసేవాళ్ళను, రాయి పేర్చేవాళ్ళను కూడా అదే పట్టీలో పెట్టారని ఆయనకు ఎంత సంతోషమో.

ఇక ఆరు దోషాలు: కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో నేల ఎత్తుగా ఉండడం, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. సరిహద్దు మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నీళ్ళ తగువులు ఎలా పుడతాయో ఆరున్నర శతాబ్దాల కిందటే ఆలోచించి, కట్టకముందే చూసుకోవాలన్నారు.

మధ్యలో ఎత్తుగా ఉండడాన్ని శాసనం కూర్మం అంటుంది, తాబేలు వీపులాగన్నమాట. మామ పిల్లలతో "ఎక్కడైనా తాబేలు కనపడుతుందేమో వెతకండి" అన్నారు. నీళ్ళు నిండుగా ఉంటే ఆ పని చెయ్యలేం. పిల్లలు కట్ట మీద అటూ ఇటూ పరిగెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, లేదు తాతా అని తేల్చారు. ఇంతకుముందు నిరాశపడిన మా పాపే అందరికన్నా ఎక్కువసేపు వెతికింది.

ఆ రోజే ఇంకొకటి చూపించారు. మనం కట్ట అనుకునేదంతా మనుషులు పోసింది కాదు. వరసగా ఉన్న నాలుగు గుట్టల మధ్య సందులను మూడు చోట్ల కట్టలు వేసి మూశారు. ఎక్కువ పొడవు కొండే మోస్తోంది. కట్ట లోపలి వైపు కొంచెం దిగి చూడండి, కడప బండలు ఏటవాలుగా పేర్చి ఉంటాయి. నేను చూసినచోట పెద్ద బండల మధ్య సందుల్లో చిన్న చిన్న రాతి చెక్కలు దిగ్గొట్టి ఉన్నాయి. గోరు పెట్టి లాగినా కదల్లేదు. ఈ పనికి రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారనీ, రాళ్ళు తోలడానికి వంద బండ్లు తిరిగాయనీ శాసనమే చెబుతుంది.

రెండోసారి డిసెంబరులో వెళ్ళాను, తుఫాను వానలు పడి పదిహేను రోజులయి ఉంటుంది. ఈసారి చెరువు నిండుగా ఉంది. మే నెలలో గొర్రెలు తిరిగినచోట అలలు. ఎదురుగా కొండలు నీళ్ళలో తలకిందులుగా కనపడుతున్నాయి. అందం మాటకొస్తే అప్పుడే వెళ్ళాలి, అందులో సందేహం లేదు. ఫొటోలు తీసుకుంటుంటే ఒక పెద్దాయన కట్ట కింది వైపు నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. భుజాన పార. అడుగడుగునా వంగి నేల తడిమి చూస్తున్నాడు. ఏం చూస్తున్నావు పెద్దాయనా అంటే, "ఊట పడిందేమోనని అబ్బయ్యా. నిండినప్పుడు ఓపారి చూసుకోవల్ల" అన్నాడు. దోషాల పట్టీలో మొదటిది నీరు ఊరడమే. ఆయనకు శాసనం సంగతి తెలుసో లేదో నేను అడగలేదు. ఆ చెరువు కింద ఆయనకు రెండెకరాల వరిమడి ఉందట.

శాసనం గురించి ఒక మాట. భైరవస్వామి గుడి ముందు రెండు రాతిపలకల మీద చెక్కించారు. భాష సంస్కృతం, లిపి తెలుగే, కానీ ఆనాటి తెలుగు లిపి. అలవాటు లేనివాళ్ళం అక్కడికక్కడ చదవలేం. అందుకే ఆ పన్నెండూ ఆ ఆరూ ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. కాగితం చేతిలో ఉంటే కట్ట మీద మూడు గంటలు ఇట్టే గడిచిపోతాయి. అది లేకపోతే పావుగంటలో వెనక్కి తిరిగేస్తారు, నిజంగా చెబుతున్నాను.

వెళ్ళడానికి కడప వైపు నుంచి వస్తే మైదుకూరు మీదుగా గానీ బద్వేలు మీదుగా గానీ రావచ్చు. ఊరికి తూర్పున ఉంటుంది చెరువు, ఆటో మాట్లాడుకోండి. కట్ట మీద నీడ తక్కువ, తాగే నీళ్ళు, టోపీలు పెట్టుకోండి. కంపముళ్ళు ఉంటాయి కాబట్టి పిల్లలకు చెప్పులు కాకుండా బూట్లు వేయండి. మరవ, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే చోటు, పారుతుంటే మాత్రం పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, రాళ్ళు పాచిపట్టి జారుతాయి. ఇంకో రోజు చేతిలో ఉంటే గిద్దలూరు మీదుగా కంభం కూడా చూసుకుని రండి. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఆ చెరువును కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. అక్కడ కూడా ఆ కాగితం తీసి ఒక్కొక్కటీ సరిచూడమనండి పిల్లల్ని.