పెద్దల కాగితం చాలదు, కోర్టుకి ఖర్చు కాదు

‘విడాకులు పెద్దమనుషుల్లో తేల్చేసుకున్నాం అక్కా, కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టేశాం. ఇంకా కోర్టెందుకు?’ రాజోలు, మలికిపురం వైపు నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్‌లో కొత్తగా దిగిన అమ్మాయిలు అడిగే మాట ఇది. గొడవపడ్డవాళ్లు ఎలాగూ కోర్టుకెళతారు. మంచిగా విడిపోయినవాళ్లే ఈ కాగితాన్ని నమ్ముకుని ఇరుక్కుంటారు.

ఆ కాగితం ఎలా ఉంటుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. వంద రూపాయల స్టాంపు పేపరు, ‘ఇకమీదట ఒకరిపై ఒకరికి ఏ హక్కూ లేదు’ అని నాలుగు లైన్లు, కింద వార్డు మెంబరు సంతకం, మేనమామ వేలిముద్ర. బీరువా, మంచం, ఇత్తడి బిందెలు తిరిగిచ్చినట్టు లెక్క కూడా రాస్తారు. సామాను లెక్కకి పనికొస్తుందేమోగానీ దాంతో పెళ్లి రద్దవదు. కుల ఆచారం ప్రకారం విడాకులను చట్టం ఒప్పుకునే సందర్భాలు లేకపోలేదు, కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాల్సింది మీరే. ఈ కాగితం చూసుకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే అది చెల్లదు, పైగా కేసు పడుతుంది. పాస్‌పోర్టులో భర్త పేరు తీయించాలన్నా డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు కాగితం, అడగొచ్చు.

కోర్టంటే లాయరు ఫీజు టెన్షన్ అంటారా? 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది. కువైట్ జీతం వస్తోందని మీకు కాదనరు. మీ ఆయన మిగతా కులాలవాడై, కొబ్బరి దింపుకో చెరువు పనికో వెళ్తుంటే, ఆదాయ పరిమితిలో ఉన్నట్టు చూపించి ఆయనా అడగొచ్చు. అమలాపురం, నరసాపురం లాంటి చోట్ల కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లని న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయమనండి. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు కమిటీదే. కమిటీ ఇచ్చిన లాయరు మీ దగ్గర విడిగా డబ్బు తీసుకోకూడదు, అడిగితే ఆ కమిటీకే చెప్పండి. ఒక్కమాట మాత్రం ఉంది. ఆ లాయర్లకి మీ కేసొక్కటే ఉండదు, వాయిదా వాయిదాకీ మీ వాళ్లే ఫోన్ చేసి గుర్తు చేయాలి.

లోక్ అదాలత్‌లో ఒక్క రోజులో విడాకులు ఇప్పిస్తామనే బ్రోకర్లని నమ్మకండి. అక్కడ భరణం లాంటివి రాజీ అవుతాయిగానీ విడాకులు ఇవ్వరు.

హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలంటే కనీసం ఏడాది విడిగా ఉండాలి. (చర్చిలో పెళ్లయినవాళ్లది క్రైస్తవులకున్న విడాకుల చట్టంలోని 10ఏ సెక్షన్, అందులో రెండేళ్లని రాసి ఉంది. ఆ లెక్క లాయరుతో మాట్లాడుకోండి.) పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి రెండోసారి ఒప్పుకోలు చెప్పాలి. ఏడాదిన్నర పైగా విడిగా ఉండి, పిల్లలు, డబ్బు సంగతి అంతా తేలిపోయి, ఇక కలిసే అవకాశం లేదనిపిస్తే ఆ ఆరు నెలలు తగ్గించే వీలు జడ్జికి ఉందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. రాలేనివాళ్లని వీడియోలో విచారించొచ్చని, అమ్మానాన్నలో తోబుట్టువులో తరఫున నిలబడొచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. అయితే అది జడ్జి ఇష్టం, సెలవు దొరికితే రెండో వాయిదాకి మీరే వెళ్లడం మేలు. అన్నయ్యకి పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున పని చూసే అధికారపత్రం) ఇస్తే ఎంబసీలో అటెస్ట్ చేయించండి. కాగితం ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఇది చాలామంది మరిచిపోతారు.

పిటిషన్‌లో పిల్లల సంగతి వివరంగా రాయించండి. ‘పిల్లలు తల్లి దగ్గర’ అని ఊరుకుంటే, తల్లేమో ఇక్కడ కువైట్‌లో, పిల్లలేమో అమ్మమ్మ దగ్గర. రేపు స్కూల్లో, పాస్‌పోర్టు ఆఫీసులో సంతకం ఎవరిదంటే మళ్లీ ఆయన కోసం తిరగాలి. మీరు లేనప్పుడు ఎవరి దగ్గర ఉంటారో, తండ్రి ఎప్పుడు చూసి వెళ్లొచ్చో, చదువు డబ్బు ఎవరు పంపాలో, బంగారం ఎవరిదో అన్నీ రాయించాలి. పెద్దలు రాసిన ఆ సామాను లెక్క ఇక్కడ పనికొస్తుంది, పారేయకండి.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు తీయించి, ఒకటి ఇక్కడికి తెప్పించుకోండి. ఫోన్‌లో ఫొటో ఉందంటే ఏ ఆఫీసులోనూ ఒప్పుకోరు.