మంచు కప్పిన ఇంటికి డిస్కౌంట్: నెలాఖరులోగా కొనేయాలా?

ప్రశ్న: మా ఇద్దరివీ ఇంటి నుంచి చేసే ఉద్యోగాలే. కొండ ప్రాంతంలో స్థిరపడాలని ఎప్పటి నుంచో ఆశ. ఈ శీతాకాలంలో చూసిన ఒక ఇల్లు బాగా నచ్చింది. దాని ధర 100 అనుకుంటే, నెలాఖరులోగా కొనుగోలు పూర్తి చేస్తే 92కే ఇస్తామంటున్నారు. మా పొదుపు మొత్తం 30. బ్యాంకు 80 శాతం లోన్ ఇస్తానంది. ఫీజులు, పన్నులు, సామాను తరలింపు కలిపి 6 అవుతుంది. కొన్నాక ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 1.4 దాకా ఉంటుంది. ఇంట్లో ప్రస్తుతం ఎవరూ లేరు. కప్పు నిండా మంచు, నీళ్ల లైను కట్టేసి ఉంది. ఈ ధర వేసవిలో రాదని ఏజెంట్ తొందరపెడుతున్నారు. కొనమంటారా?

జవాబు: కొనొద్దు అనను. ఈ షరతులతో మాత్రం కొనొద్దు.

ఏజెంట్ చెప్పింది అబద్ధమేం కాదు. చలికాలంలో కొండల్లో ఇళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువ. ఖాళీ ఇంటిని కాపాడుకునే ఖర్చు అమ్మేవారి నెత్తినే పడుతుంది కాబట్టి బేరానికి దిగుతారు. అయితే ఆ 8 తగ్గింపు మీకు ఏ రూపంలో అందుతోందో ఒకసారి చూడండి. 100కి కొంటే మీరు చేతి నుంచి పెట్టాల్సింది 20. 92కి కొంటే 18.4. అంటే ఇవాళ మీ దగ్గర అదనంగా మిగిలేది 1.6. మిగతా 6.4 అప్పు తగ్గడమే, అది లోన్ ఉన్నన్నాళ్లూ నెలకింత చొప్పున కలిసొస్తుంది. అదీ లాభమే, కాదనను. కానీ మంచు కరిగాక కప్పు కారుతోందని తేలితే పనివాళ్లు ఇరవై ఏళ్ల ఈఎంఐలు తీసుకోరు. తగ్గింపు అప్పులో వస్తుంది, రిపేరు రొక్కంలో పోతుంది.

మీ దగ్గర మిగిలే రొక్కం ఎంత? 30లో 18.4, 6 తీసేస్తే 5.6. అంటే నాలుగు నెలల ఖర్చు. కొండ మీద ఇంటికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలని, దానిపైన ఇంటి రిపేర్లకే విడిగా ఓ 2 అయినా ఉండాలని నేను నా క్లయింట్లకు చెబుతాను. ఆ లెక్కన మీకు దాదాపు 5 తక్కువ.

ఇక ఇంటి సంగతి. చలికాలం కొన్నింటిని దాస్తుంది, కొన్నింటిని బయటపెడుతుంది. రెండోది చాలామంది వాడుకోరు. మంచు పడిన మర్నాడో, ఆ మర్నాడో వెళ్లి, ఆ ఇంటి కప్పును అదే వాలులో ఉన్న పక్క ఇళ్ల కప్పులతో పోల్చి చూడండి. వాళ్ల కప్పుల మీద మంచు నిలిచి, ఈ ఇంటి మీద మాత్రం అక్కడక్కడా కరిగిపోయి ఉంటే లోపలి వేడి పైకి పోతోందన్నమాట. చూరు అంచున లావుపాటి మంచు ఊచలు వేలాడుతుంటే మరీ జాగ్రత్త. పైన కరిగిన నీరు చల్లటి అంచు దగ్గరికొచ్చి మళ్లీ గడ్డకట్టి అడ్డుకట్టలా నిలబడుతుంది. దాని వెనక చేరిన నీరు కప్పు పలకల కింద నుంచి లోపలికి దిగుతుంది. గదిలో బయటి గోడకు ఆనుకున్న సీలింగ్ మూలల్లో టీ రంగు మరకలున్నాయేమో, లేక ఆ మూలకే కొత్తగా పెయింట్ వేశారేమో చూడండి. కానీ ఇల్లు ఖాళీగా ఉండి హీటింగ్ ఆపేసి ఉంటే ఈ మంచు పరీక్ష పనికిరాదు. హీటింగ్ వేయించి, ఒకటి రెండు రోజులు ఆగి వెళ్లండి.

బేస్‌మెంట్ ఉంటే టార్చ్ పట్టుకుని దిగండి. గోడల అడుగున తెల్లటి ఉప్పు పొర, హీటర్ కాళ్లకు ఒకే ఎత్తులో తుప్పు కనిపిస్తే, మంచు కరిగే కాలంలో అక్కడ నీరు నిలుస్తోందని అనుమానించాలి. మీరిప్పుడు చూస్తున్నది పొడి నెల. వాలు మీద నుంచి కరిగిన నీరంతా ఎటు పోతుందో, వాలు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడ ఎలా ఉందో, సెప్టిక్ ట్యాంకు పని చేస్తోందో ఇప్పుడు సరిగ్గా తెలియవు.

నీళ్ల లైను కట్టేసిన ఇంటిని అలాగే కొనకండి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పైపులో ఎక్కడో కొంచెం నీరు మిగిలిపోయినా చాలు, అది పగిలిన సంగతి లైను తిప్పాకే తెలుస్తుంది. అమ్మేవారి ఖర్చుతో, మీ ఎదురుగా, ప్లంబర్‌తో లైను తిప్పించమనండి. దీనికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయడమే.

గత రెండేళ్ల హీటింగ్, కరెంటు బిల్లులు నెలవారీగా అడగండి. ‘సగటున నెలకింత’ అనే మాట నమ్మొద్దు. సెలవులకు మాత్రమే వచ్చిపోయే వాళ్ల బిల్లు, రోజంతా ఇంట్లోనే కూర్చుని పని చేసే మీ బిల్లు ఒకటి కావు. మధ్యాహ్నం మూడింటికే సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయే ఇల్లయితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఏడాది మొత్తం హీటింగ్ ఖర్చును పన్నెండుతో భాగించి, వేసవిలో కూడా ఆ మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలో వేసుకుంటే చలికాలంలో టెన్షన్ ఉండదు.

ఇన్సూరెన్స్‌కు ఎంతవుతుందో చెప్పే కొటేషన్‌ను అడ్వాన్స్ ఇవ్వకముందే తీసుకోండి. చాలా పాలసీల్లో కొండచరియలు, వరద కవర్ కావు. ఇల్లు కొన్ని వారాలు ఖాళీగా ఉంటే పైపులు పగిలిన నష్టానికి పరిహారం ఇవ్వబోమనే షరతు కూడా ఉండొచ్చు. రోడ్డు మీద మంచు ఎవరు తీస్తారో, ప్రైవేటు దారి అయితే మీ వంతు ఎంతో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇప్పుడు బేరం. ఇంకా తగ్గించమని అడగకండి. 92 బదులు 94 ఇస్తామనండి, కానీ అందులో 5 అమ్మేవారి చేతికి వెళ్లకుండా లాయర్ దగ్గరో, ఎస్క్రో ఖాతాలోనో (షరతులు తీరేదాకా డబ్బును మూడో వ్యక్తి పట్టి ఉంచే ఖాతా) ఉండాలి. మంచు కరిగాక ఇళ్లను పరీక్షించే ఇన్‌స్పెక్టర్ కప్పు, డ్రైనేజీ, సెప్టిక్ చూస్తాడు, తేలిన లోపాల ఖర్చు అందులోంచి పోతుంది, మిగిలింది అమ్మేవారికి. ఎవరు చూడాలి, ఏ తేదీలోగా, ఏవి లోపాలు అన్నవి ఒప్పందంలో ఉండాలి. బ్యాంకుకు ముందే చెప్పండి, కొన్ని బ్యాంకులు ఇలాంటి ఏర్పాటుకు ఒప్పుకోవు. ఈ 2 పెంచడం వల్ల ఇవాళ మీ చేతి నుంచి అదనంగా పోయేది 0.4 మాత్రమే. దానికి బదులు పెద్ద రిపేరు భయం చాలావరకు తీరుతుంది. ఇల్లు మంచిదని నమ్మకం ఉన్న అమ్మకందారుకు ఇది మంచి బేరమే. వద్దన్నారంటే మంచు కింద ఏముందో వాళ్లకు మీకంటే బాగా తెలిసి ఉండొచ్చు.

ఇది కుదిరితే ముందుకెళ్లండి. రొక్కం తక్కువే, మొదటి ఏడాది కొత్త ఫర్నిచర్, కొత్త కారు జోలికి పోవద్దు. కుదరకపోతే మీ పొదుపుకు తగ్గ ఇల్లు 75 లోపు దొరుకుతుందేమో వెతకండి. అప్పుడు ఖర్చులన్నీ పోగా కనీసం 9 చేతిలో ఉంటుంది. వెతికేలోపు అదే ప్రాంతంలో అద్దెకు దిగితే ఇంకా మంచిది. అద్దె అగ్రిమెంటు మాత్రం చలికాలంతో ముగిసిపోకుండా, మంచు కరిగి బురదయ్యే నెలలు కూడా అందులో కలిసేలా రాయించుకోండి.