థిన్నర్ పనిలో రక్తకణాలు తగ్గితే 'మీ వంశంలోనే ఉంది' అంటే సరిపోతుందా?

ప్రశ్న: గాజులమండ్యం పారిశ్రామికవాడలోని ఒక యూనిట్‌లో నాలుగేళ్లుగా పెయింటింగ్ సెక్షన్‌లో ఉన్నాను. ఈ మధ్య తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గాయి. మేనేజరు 'అది మీ వంశంలోనే ఉండుంటుంది' అంటున్నారు. నా భార్య గర్భవతి. బిడ్డకూ ముప్పుందా? పరిహారం వస్తుందా?

జవాబు: మేనేజరు మాటతో మీ హక్కు పోదు. కొన్ని పెయింట్ థిన్నర్లలో (రంగును పలచన చేసే ద్రవాల్లో) ఉండే బెంజీన్ అనే రసాయనం వల్ల వచ్చే జబ్బులు చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. అలాంటి పనిలో కనీసం ఆరు నెలలు ఆగకుండా చేసినవారికి ఆ జబ్బు వస్తే, పని వల్లే వచ్చిందని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించాల్సింది యాజమాన్యమే. పాత ఉద్యోగుల పరిహార చట్టంలోని ఈ నియమం, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది.

అయితే థిన్నర్‌లో బెంజీన్ ఉందని మీరు చూపించాలి. కేసులు వీగిపోయేది ఇక్కడే. డబ్బా లేబుల్, బ్యాచ్ నంబరు ఫొటో తీసుకోండి. సేఫ్టీ డేటా షీట్ (సరుకులో ఏ రసాయనాలున్నాయో, ప్రమాదమేమిటో తెలిపే పత్రం) ఇవ్వమని రాతపూర్వకంగా అడిగి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఆ షీట్ 3వ భాగంలో 71-43-2 అనే నంబరు కనిపిస్తే అది బెంజీనే. ఉద్యోగంలో చేరినప్పటి రక్తపరీక్ష రిపోర్టు కాపీ కూడా అడగండి. అప్పుడు కణాలు మామూలుగా ఉంటే వంశం వాదన చాలావరకు బలహీనపడుతుంది.

జబ్బు మాటకొస్తే, బెంజీన్ ఎముక మజ్జలోని కణాల క్రోమోజోములను (జన్యువులుండే పోగులను) దెబ్బతీస్తుంది. రక్తకణాలు తగ్గడం, కొందరిలో రక్త క్యాన్సర్ రావడం అందుకే. ఇది పుట్టాక పనిచోట తగిలిన దెబ్బ, తాతముత్తాతల నుంచి వచ్చింది కాదు. బెంజీన్ తగిలిన కార్మికుల శుక్రకణాల్లోనూ క్రోమోజోముల తేడాలు కనిపించాయి. అంతమాత్రాన బిడ్డకు జబ్బు ఖాయమని కాదు, దయచేసి భయపడకండి. కానీ గర్భం సంగతి, మీ పని సంగతి రెండూ డాక్టరుకు చెప్పండి. పని బట్టలు అక్కడే మార్చుకుని ఇంటికి వెళ్లండి.

గుడ్డ మాస్కు, ఎన్95 ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని పట్టి ఉంచే ఫిల్టర్ డబ్బా) ఉన్న మాస్కు కావాలి, దాని కార్ట్రిడ్జ్ గడువు ప్రకారం మార్చాలి. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. పైకప్పు ఫ్యానుతో లాభం లేదు, పని జరిగే చోటే పీల్చే ఎగ్జాస్ట్ పెట్టమని అడగండి. థిన్నర్‌తో చేతులు మాత్రం కడగొద్దు.

మీకు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంటే తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకుని, పని వివరం కేసు షీట్‌లో రాయించండి. వృత్తి వ్యాధికి వచ్చే లబ్ధి ఈఎస్ఐ నుంచే వస్తుంది, యాజమాన్యం నుంచి మళ్లీ పరిహారం అడగలేరు. ఈఎస్ఐ లేకపోతేనే యాజమాన్యం మీద క్లెయిమ్ వేయాలి. డేటా షీట్ ఇవ్వకపోతే ఆ అర్జీ కాపీ జతచేసి ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయండి.