క్రిస్మస్ మొక్క ఎర్రబడట్లేదా? ముందు బాల్కనీ లైటు చూడండి

ప్రశ్న: నమస్తే అండీ. పోయిన డిసెంబర్‌లో నర్సరీలో ఎర్ర పూలున్న క్రిస్మస్ మొక్క కొన్నాను, పాయిన్‌సెట్టియా అన్నారు. మార్చిలో ఎరుపంతా రాలిపోతే కొమ్మలు కత్తిరించాను, మళ్ళీ గుబురుగా వచ్చింది, కానీ పండగ దగ్గరపడుతున్నా ఒక్క పువ్వు లేదు, అంతా ఆకే. బాల్కనీలో పెట్టాను. ఎరువు తక్కువైందా? ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది, ఈ మొక్క విషమంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, బీటీఎం లేఅవుట్, బెంగళూరు

జవాబు: అమ్మా, ఎరువు సంగతి వదిలేయండి. మీ బాల్కనీకి ఎదురుగా వీధి లైటు ఉందా? లేకపోతే రాత్రి పదకొండు దాకా మీ ట్యూబ్‌లైటే వెలుగుతోందా? నా అనుమానమంతా అక్కడే.

ముందు ఒక విషయం, మీరు పువ్వు అంటున్న ఆ ఎరుపు పువ్వు కాదు, ఆకు. మన గేట్ల మీద పాకే కాగితం పూల చెట్టులో గులాబీ రంగు రేకులు నిజానికి ఆకులే, మధ్యలో ఉండే సన్నటి తెల్ల గొట్టాలు అసలు పూలు, ఇక్కడా అదే లెక్క. ఈసారి ఎర్రబడ్డాక దగ్గరకెళ్ళి నడిమధ్యన చూడండి, చిన్న చిన్న ఆకుపచ్చ గిన్నెలు, వాటికి పసుపు పెదవిలా ఒక తేనె గ్రంథి, పూలు ఆ గిన్నెల్లో ఉంటాయి. పూలు కంటికి ఆనవు కాబట్టి పిట్టల్నీ సీతాకోకచిలుకల్నీ పిలిచే పని చుట్టూ ఉన్న ఆకులు చేస్తాయి. దీని పుట్టిల్లు మెక్సికో, 1820ల్లో అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ తన దేశానికి పంపితే ఆయన పేరే నిలిచిపోయింది, కానీ అంతకు చాలా ముందే అక్కడి పాతకాలపు ప్రజలు అజ్టెక్‌లు దీన్ని పెంచి ఎర్రరంగు తీసుకునేవాళ్ళు.

ఇప్పుడు లైటు సంగతి. ఈ మొక్క రాత్రి ఎంతసేపుందో కొలుచుకుంటుంది. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది, వెలుతురు తగిలితే ఒక రూపంలోకి మారుతుంది, చీకట్లో మెల్లగా వెనక్కి వస్తుంది, ఆ చీకటి మధ్యలో తెగకుండా చాలినంతసేపు ఉంటేనే మొక్క మొగ్గ వేసి చుట్టూ ఆకుల్ని ఎర్రబరుస్తుంది. అర్ధరాత్రి ఎవరో బాత్రూమ్‌కి లేచి కాసేపు లైటు వేసినా ఆ రాత్రి లెక్క చెడిపోవచ్చు. మన బెంగళూరులో సెప్టెంబర్ ఆఖరు నుంచే రాత్రి పగటి కన్నా పొడుగవుతుంది, లైట్లు లేని తోటలో దానంతటదే ఎర్రబడుతుంది, అపార్ట్‌మెంట్‌లోనే ఈ తిప్పలు.

సాయంత్రం ఐదింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున్న ఏడెనిమిదికి తీయండి, పగలు మాత్రం మంచి వెలుతురులో ఉంచండి. ఇలా రోజూ తప్పకుండా ఎనిమిది వారాలు. ఇప్పుడు మొదలుపెడితే క్రిస్మస్‌కి అందదు, ఫిబ్రవరికి వస్తుంది, వచ్చే ఏడు మాత్రం అక్టోబర్ 1కే పెట్టె సిద్ధం చేసుకోండి. నీళ్ళు పైమట్టి ఆరాకే పోయండి, వేరు తొందరగా కుళ్ళుతుంది.

పాప విషయంలో, జనం భయపడేంత విషం కాదు. కానీ తుంచితే పాలు కారతాయి, అవి చర్మానికి దురద, కంట్లో పడితే మంట, నోట్లో పెట్టుకుంటే వాంతులు కావచ్చు. అందనంత ఎత్తులో పెట్టండి.

ప్రశ్న: సార్, మా చర్చి ఆవరణలోని క్రిస్మస్ ట్రీ పక్క కొమ్మ ఒకటి తెచ్చి నాటాను. వేరు పట్టింది, కానీ రెండేళ్ళుగా పక్కకే సాగుతోంది, కర్ర కట్టినా నిలబడట్లేదు.
– ఒక పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: కట్టు విప్పేయండి బాబూ, అది నిలబడదు. మన దగ్గర క్రిస్మస్ ట్రీ అని అమ్మేది ఎక్కువగా అరౌకేరియా, ఆస్ట్రేలియాకి తూర్పున ఉన్న నార్ఫోక్ దీవి, న్యూ కాలెడోనియాల చెట్టు, యూరప్‌వాళ్ళు ఇంట్లో పెట్టుకునే స్ప్రూస్, ఫర్ అనే చెట్లది వేరే కుటుంబం. దీని పక్క కొమ్మ వేరు పట్టినా కొమ్మగానే బతుకుతుంది, నేను కొమ్మనన్న సంగతి దానికి గుర్తుంటుంది. నిటారుగా కావాలంటే చిటారు మొన నుంచి తీసిన అంటు గానీ గింజ మొక్క గానీ కావాలి, అలాగని చర్చి చెట్టు మొన మాత్రం కోయకండి, చెట్టు ఆకారమే పోతుంది. ఇంకోటి, న్యూ కాలెడోనియా నుంచి వచ్చిన కుక్ పైన్ అనే రకం భూమధ్యరేఖకి ఉత్తరాన పెరిగితే దక్షిణానికి, దక్షిణాన పెరిగితే ఉత్తరానికి వంగుతుందని 2017లో పరిశోధకులు ప్రచురించారు. లాల్‌బాగ్‌కి వెళ్ళినప్పుడు ఫోన్‌లో దిక్సూచి తీసి చూడండి, నాకైతే ఆ చెట్ల కింద నిలబడి పైకి చూడటం ఎంతో ఇష్టం.

ప్రశ్న: యూరప్‌వాళ్ళు క్రిస్మస్‌కి ఇంట్లో వేలాడదీసే మిస్సిల్‌టో, అదే వేరే చెట్ల మీద బతికే మొక్క, మన దేశంలో ఉంటుందా?
– ఒక విద్యార్థిని, కె.ఆర్.పురం

జవాబు: దాని చుట్టం మీ మామిడిచెట్టు మీదే ఉండొచ్చమ్మా, బదనిక. రెండూ ఆకుపచ్చగా ఉండి తిండి తామే చేసుకుంటాయి, నీళ్ళూ లవణాలూ మాత్రం చెట్టు నుంచి లాగుతాయి. చిన్న పిట్టలు పండు తిని గింజ వదిలితే ఆ జిగురుతో కొమ్మకి అంటుకుపోతుంది. మన శ్రీగంధం కూడా ఈ వర్గమే, అది పక్క చెట్ల వేళ్ళలోంచి తాగుతుంది. మామిడి మీద బదనిక ఉంటే ఆకులు దూస్తే సరిపోదు, అతుక్కున్న చోటికి జానెడు కిందకి కొమ్మతో సహా కోసేయమని నాన్నగారికి చెప్పు.