కెనడా సూపర్ వీసా: ఆదాయం చాలలేదని తిరస్కరిస్తే

కెనడాలో ఉన్న మీ అక్క దగ్గరికి అమ్మానాన్నలు వెళ్లడానికి పెట్టిన సూపర్ వీసా (అక్కడున్న పిల్లల దగ్గర తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండేందుకు ఇచ్చే వీసా) దరఖాస్తును ఆదాయం చాలలేదని తిరస్కరించారని రాశారు. కారణం దాదాపుగా తలల లెక్కే, అంటే కుటుంబంలో ఎంతమందిని లెక్కేశారన్నదే. మీ అక్క, బావ, పాప కలిపి ముగ్గురికి సరిపడా జీతం చూపించామన్నారు. కానీ పిలిచే అమ్మానాన్నలను కూడా కలపాలి. అంటే అయిదుగురు. చాలామంది తప్పేది ఇక్కడే. గతంలో అక్కావాళ్లు ఎవరికైనా స్పాన్సర్‌షిప్ (కెనడాకు రప్పించి పోషిస్తామన్న హామీ) ఇచ్చి, దాని గడువు ఇంకా నడుస్తుంటే వాళ్లనూ కలపాలి.

1. కెనడా ఇమిగ్రేషన్ శాఖ సైట్‌లో ఈ ఏడాది కనీస ఆదాయం పట్టిక తెరిచి, అయిదుగురి వరుసలోని మొత్తం చూడండి.

2. అక్క జీతం ఒక్కటే చాలకపోతే బావగారి ఆదాయం కలపొచ్చు. అమ్మానాన్నలను పిలుస్తూ అక్క రాసే ఆహ్వాన లేఖ మీద ఆయన సంతకం కూడా ఉండాలి. ఇద్దరివీ పన్ను అసెస్‌మెంట్ నోటీసులు (ఏడాది ఆదాయాన్ని చూపిస్తూ కెనడా పన్ను శాఖ పంపే పత్రాలు), ఉద్యోగ లేఖలు పెట్టండి. బెంగళూరులో మీకొచ్చే జీతం ఈ లెక్కలోకి రాదు.

3. అమ్మానాన్నలకు ఆరోగ్య ఇన్సూరెన్స్ ఒక్కొక్కరికి కనీసం 1,00,000 కెనడా డాలర్లకు, అక్కడ దిగిన రోజు నుంచి ఏడాదికి ఉండాలి. కొటేషన్ చెల్లదు, డబ్బు కట్టిన పాలసీయే పెట్టాలి.

అమ్మానాన్నలు వీసా కోసం బెంగళూరులో ఇచ్చిన వేలిముద్రలు 10 ఏళ్లు చెల్లుతాయి, మళ్లీ వెళ్లక్కర్లేదు. టెన్షన్ వద్దు, తిరస్కరించినా మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్త లేఖలో అయిదుగురి పేర్లు, పుట్టిన తేదీలు విడివిడిగా రాయించండి.